పిచ్చి అక్షరాల ఫైలు

మొన్న సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుతుంటే అటక మీద నుంచి పాత స్వీటు డబ్బా ఒకటి దిగింది. లోపల నాలుగు సీడీలు, వాటి మీద నల్ల మార్కరుతో నా రాతే. ఇప్పుడు సీడీ పెట్టుకునే సందు ఉన్న సిస్టమ్ ఎవరింట్లో ఉంది చెప్పండి? ఆఫీసులో స్కానింగ్ చూసే కుర్రాడి దగ్గర పాత డ్రైవ్ ఉందంటే బతిమాలి తెచ్చుకున్నా. మూడు సీడీలు కాసేపు గిర్రున తిరిగి చేతులెత్తేశాయి. నాలుగోది తెరుచుకుంది. నిండా శుభలేఖలు, దినం కార్డులు, ఎవరిదో పళ్ళపొడి లేబులు, వాటి మధ్యలో ఇంగ్లీషు అక్షరాలతో 'దొరికినవి' అని పేరు పెట్టిన వర్డ్‌ప్యాడ్ ఫైలు.

ఆ పేరు చూడగానే గుండె ఝల్లుమంది. తెరిచాను. అన్నీ పిచ్చి అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాల నెత్తి మీద టోపీలు, కాళ్ళకి గొలుసులు, మధ్యలో డిగ్రీ గుర్తులు, పౌండు గుర్తులు, ఎక్కడా తెలుగు ముక్క లేదు.

డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకి పేజీలు కట్టే పని, చేసిన వాళ్ళకి దీని సంగతి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. అప్పట్లో తెలుగు టైపు చేయాలంటే అను ఫాంట్లు గానీ శ్రీలిపి గానీ ఉండాలి. అవి చేసిన పని ఏంటంటే, ఇంగ్లీషు అక్షరాలు కూర్చునే గడుల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టాయి. కంప్యూటర్ దృష్టిలో మనం కొట్టింది ఏదో ఇంగ్లీషు గుర్తే, కనబడే బొమ్మ మాత్రం తెలుగు. ఆ ఫాంటు ఉన్న సిస్టమ్‌లో చక్కగా కనబడుతుంది, లేని సిస్టమ్‌లో ఇదిగో, ఈ టోపీలూ గొలుసులూ. పైగా కీబోర్డుల గొడవ ఒకటి, అంటే ఏ మీట మీద ఏ అక్షరం ఉండాలో చెప్పే అమరికలు. యాపిల్ కీబోర్డు వచ్చినవాళ్ళు ఒక జాతి, మాడ్యులర్ వచ్చినవాళ్ళు ఇంకో జాతి, ఒకళ్ళ సిస్టమ్ మీద ఇంకొకళ్ళు కూర్చుంటే వేళ్ళు కట్టేసినట్టుండేది. నాది యాపిల్. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా ఏ మీట మీద ఏ వత్తు ఉందో చెప్తాను, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబర్లు మాత్రం చెప్పలేను.

ఆన్‌లైన్‌లో దొరికే ఒక కన్వర్టర్‌లో ఆ పిచ్చి అక్షరాలన్నీ వేశాను. 67 లైన్లు. మెల్లగా తెలుగు అయ్యాయి, ఒక్క లైను తప్ప. దాని సంగతి తర్వాత చెప్తాను.

1999లో రాజమండ్రిలో ఒక డీటీపీ సెంటర్లో చేరాను. డిగ్రీ అయిపోయింది, బొమ్మలు వేయడం కొంచెం వచ్చు, ఇంట్లో ఖాళీగా ఉంటే పెళ్ళి చేసేస్తారని భయం. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫోటోషాప్, ఈ మూడే మా లోకం. పొద్దున్న బిల్లు బుక్కులు, మధ్యాహ్నం కరపత్రాలు, ముహూర్తాల సీజన్లో రాత్రి పది దాకా శుభలేఖలు. బటర్ పేపర్ మీద ప్రింటు తీసి ప్రెస్సుకి పంపేవాళ్ళం. పెళ్ళికొడుకు ఇంటిపేరులో వత్తు పోతే ఆ తిట్లు ప్రెస్సువాళ్ళకీ కాదు, ప్రూఫు చూసిన పెద్దమనిషికీ కాదు, నాకే.

ఇంటర్నెట్ మా సెంటర్లో లేదు. పక్క వీధిలో నెట్ సెంటర్ ఉండేది, చెక్కతో కట్టిన చిన్న చిన్న గదులు, ఒక్కో దాంట్లో ఒక సిస్టమ్, గంటకి 40 రూపాయలు. నా జీతం నెలకి 1,500. కాబట్టి వారానికి ఒక గంట, అది కూడా ఏదో పని ఉందని మా ఓనర్ గారిని ఒప్పించి సగం డబ్బులు ఆయన దగ్గర తీసుకుని. పని ఎప్పుడూ ఒకటే, ఏ హోటల్ బ్రోచరుకో గోదావరి ఫోటో కావాలి, ఏ గుడి కరపత్రానికో శంఖచక్రాల బొమ్మ కావాలి. దాని కోసం వెతికితే అది తప్ప ఇంకేదో దొరికేది. ఆ ఇంకేదో పోగొట్టుకోకూడదని మొదలుపెట్టిందే ఈ ఫైలు.

మొదటి లైను ఇది: "దామెర్ల రామారావు. మన ఊరే!!!" మూడు ఆశ్చర్యార్థకాలు నావే, ఇప్పుడైతే ఒకటి కూడా పెట్టను.

ఆల్టావిస్టా అనే అప్పటి సెర్చి ఇంజన్లో రాజమండ్రి అని కొట్టి బ్రిడ్జి ఫోటో కోసం వెతుకుతున్నాను. ఒక పేజీ తెరుచుకుని బొమ్మ దిగడం మొదలైంది. మోడెమ్ రోజుల్లో బొమ్మ ఒక్కసారిగా రాదు, తెర ఎత్తినట్టు పైనుంచి కిందికి ఒక్కో గీతా దిగుతుంది. ముందు చెట్టు కొమ్మ. తర్వాత జడ, జడలో పువ్వులు. ఆ తర్వాత భుజం, ఆ భుజం వంపు చూసి నేను బ్రిడ్జి సంగతి మర్చిపోయాను. గీత ఎక్కడా తడబడలేదు, రంగు ఎక్కడా అరవడం లేదు. నడుము దాకా వచ్చేసరికి లైను కట్ అయింది. మళ్ళీ కలిపేసరికి నా గంట అయిపోయింది. "ఆయ్, టైమైపోయిందండి," అంటూ తలుపు కొట్టాడు నెట్ సెంటర్ అబ్బాయి. మిగతా సగం బొమ్మ కోసం వారం ఆగాను.

ఆ వారంలో బాబాయిని అడిగాను, దామెర్ల రామారావు అంటే ఎవరు బాబాయ్ అని. ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "గోదావరి గట్టు దగ్గర ఆయన పేరున ఆర్ట్ గ్యాలరీ పెట్టుకుని, నువ్వు ఆయన్ని కంప్యూటర్లో వెతుకుతున్నావా?" అన్నాడు. నిజమే. పుట్టిన దగ్గర్నుంచీ ఆ దారిన వెళ్తూనే ఉన్నాను, ఎప్పుడూ లోపలికి అడుగు పెట్టలేదు. ఆ ఆదివారమే వెళ్ళాం ఇద్దరం. నెట్‌లో అరచేయంత వచ్చిన బొమ్మల ముందు అసలు కాగితాలు చూస్తుంటే, ఆ సన్నటి రంగు పూత మీద కుంచె ఆగిన చోట్లు కూడా కనబడుతుంటే, నాకు ఏడుపొచ్చింది. 1897లో పుట్టి, 1925లో మసూచి వచ్చి పోయాడు, 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఈ కుర్రాడి చేతిలో ఏముందో కనిపెట్టి వెన్ను తట్టాడు, తర్వాత బొంబాయి జేజే స్కూల్లో చదివాడు. అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. ఇదంతా బాబాయి గ్యాలరీలో నడుస్తూ చెప్పాడు, ఇంటి మనుషుల గురించి చెప్పినట్టు.

బాబాయి గురించి చెప్పాలి. ఆయన సైన్‌బోర్డు ఆర్టిస్టు. మెయిన్ రోడ్డు, దేవీచౌక్, కోటగుమ్మం, ఎటు వెళ్ళినా ఆయన రాసిన బోర్డు ఒకటి ఉండేది. రేకు మీద ఎనామెల్ పెయింటు. దారానికి సుద్ద రాసి అటొకరు ఇటొకరు పట్టుకుని టప్పున కొడితే గీత పడేది, ఆ దారం రెండో కొస పట్టుకోవడం నా చిన్నప్పటి ఉద్యోగం. ఆ రెండు గీతల మధ్య ఆయన పెన్సిలు కూడా వాడకుండా నేరుగా బ్రష్షుతో అక్షరం దింపేవాడు. బోర్డు ఎవరిదైనా సరే, పైన చిన్నగా శ్రీ రాశాకే మిగతాది. పాస్టర్ గారి స్కూలు బోర్డుకి కూడా అలవాటులో శ్రీ రాసేసి, నాలిక్కరుచుకుని, తుడిచేశాడు ఒకసారి.

నేను డీటీపీలో చేరినప్పుడు ఆయనేమీ అనలేదు. ఒకరోజు మా సెంటర్‌కి వచ్చి, నేను కొట్టిన శుభలేఖ ప్రింటు చేతిలోకి తీసుకుని, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "కింద నుంచి వచ్చిన బ్రష్షు పైకెళ్ళి ఆగితే అది తలకట్టు. మీ కంప్యూటరోడు బజార్లో కొనుక్కొచ్చి అతికించాడే అమ్మడూ," అన్నాడు. నాకు కోపమొచ్చింది. తర్వాత స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే నిజంగానే తలకట్టుకీ అక్షరానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంది. అప్పటిదాకా వందల శుభలేఖలు చేశాను, ఆ సందు నా కంట పడలేదు. పడ్డాక ఇప్పటిదాకా కంట్లోంచి పోలేదు. ఏ ఫ్లెక్సీ చూసినా ముందు అక్కడికే పోతుంది చూపు.

ఫైల్లో పాటల లైన్లు చాలా ఉన్నాయి, కొన్ని ఇప్పుడు చదివితే సిగ్గేస్తోంది, అవి దాటేస్తున్నాను. కంప్యూటర్లో పాటలు వినిపించే వినాంప్ వచ్చాక మా సెంటర్లో రాత్రి పనికి అదే తోడు. పాట కన్నా దాని తొడుగులు మార్చుకోవడం మీదే మోజు, రోజుకో రంగు, రోజుకో ఆకారం. ఎంపీత్రీ అనేది ఎలా పుట్టిందో కూడా అప్పుడే చదివాను. జర్మనీలో బ్రాండెన్‌బర్గ్ అనే ఇంజనీరు పాటని పిండి చిన్నది చేసే పద్ధతి మీద పనిచేస్తూ, సుజాన్ వేగా అనే అమెరికా గాయని వాయిద్యాలేమీ లేకుండా ఒంటరి గొంతుతో పాడిన పాటని పరీక్షకి పెట్టుకున్నాడట. డప్పులూ గిటార్లూ ఉంటే తప్పులు వాటి చాటున దాక్కుంటాయి, ఒంటరి గొంతులో దాక్కోవడానికి చోటుండదు. అది కుదిరేదాకా వందలసార్లు విన్నాడట ఆ ఒక్క పాటని. మా ఓనర్ గారికి చెప్తే, "మనం కూడా ప్రూఫు అలా చూడాలమ్మా," అన్నారు. ఆయనకి ఏది చెప్పినా ప్రూఫు దగ్గరికే వచ్చి ఆగేది.

29వ లైను: "గౌహర్ జాన్. చివర్లో పేరు చెప్తుంది." 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ వాళ్ళు రికార్డు చేసిన గొంతు. మూడు నిమిషాల పాట, గరగరల వెనకాల ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు, అయిపోతూనే 'మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్' అని ఇంగ్లీషులో చకచకా చెప్పేస్తుంది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో కాబట్టి అక్కడివాళ్ళకి ఎవరిదో తెలియడానికి అలా చెప్పించేవాళ్ళని చదివాను. ఆ ఫైలు ఫ్లాపీలో ఎక్కించుకుని ఇంటికి తెచ్చి... ఎక్కించుకుని అంటే ఒక్క ఫ్లాపీలో పట్టక రెండు ముక్కలు చేసి తెచ్చి, మా తాతయ్యకి వినిపించాను. తాతయ్య నాటక పద్యాల పిచ్చోడు, స్థానం నరసింహారావు గారి ప్లేటు విని భోజనం మానేసిన రోజులున్నాయని మా నానమ్మ దెప్పేది. విని, "మూడు నిమిషాల్లో ఏం పాడతారే, గొంతు సవరించుకునేసరికే ప్లేటు అయిపోతుంది," అన్నాడు. స్టేజీ మీద రాగం పావుగంట సాగదీసే వాళ్ళు కూడా ప్లేటు దగ్గరికొచ్చేసరికి పద్యం అందుకుని పరుగెత్తాల్సిందేనట. ఇప్పుడు ముప్పై సెకన్ల రీల్స్‌కి మోషన్ గ్రాఫిక్స్ చేస్తుంటే ఆ మాట గుర్తొస్తుంటుంది.

2003 పుష్కరాలకి బాబాయి చివరిసారి గుడ్డ బ్యానర్లు రాశాడు. అప్పుడు చివరిసారి అని తెలీదు. యాత్రికులకు స్వాగతం, యాత్రికులకు స్వాగతం, అని రాసీ రాసీ చివరికి ఆ మాటకి అర్థం పోయిందని నవ్వేవాడు. ఆ తర్వాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. 2015 పుష్కరాలకి ఊరంతా ఫ్లెక్సీలే. అందులో కొన్ని హైదరాబాద్‌లో కూర్చుని నేను చేసినవే. ఈ విషయం బాబాయి దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు, ఆయనా అడగలేదు.

2004లో హైదరాబాద్ వచ్చేశాను, సోమాజిగూడలో ఒక యాడ్ ఏజెన్సీలో చేరాను. అక్కడ నెట్‌కి గంటల లెక్క లేదు. రోజంతా ఉంటుంది! మొదటి నెల నేను పని చేశానా అంటే చెప్పలేను. జపాన్‌లో యూగో నకమురా అనే ఆయన ఫ్లాష్‌తో చేసిన పేజీలు ఉండేవి, మౌస్ కదిపితే అక్షరాలు స్ప్రింగుల్లా వంగి ఊగేవి. నేను దాని ముందు ఎంతసేపు కూర్చునేదాన్నో మా టీమ్ లీడ్‌కి తెలుసు. ఇప్పుడవి చూపిద్దామంటే లేవు, 2020 చివర్లో ఫ్లాష్‌నే ఎత్తేశారు. లింకులన్నీ నొక్కి చూశాను, తెల్ల పేజీ.

అక్కడే ప్రాసెసింగ్ అనే దాని గురించి తెలిసింది. 2001లో ఎంఐటీలో కేసీ రియాస్, బెన్ ఫ్రై అనే ఇద్దరు మొదలుపెట్టారు, బొమ్మలు వేసేవాళ్ళ కోసం ప్రోగ్రామింగు. లెక్కలంటే పారిపోయిన నేను పది లైన్ల కోడు రాసి చుక్కలు పెట్టించాను. వరసగా చుక్కలు రాగానే చెయ్యి దానంతటదే ముగ్గులోకి వెళ్ళిపోయింది, ఈ చుక్కల చుట్టూ మెలిక తిప్పిస్తే? రెండు రాత్రులు కొట్టుకున్నాను. గీత ఒక చుక్క చుట్టూ తిరిగి పక్క చుక్క దగ్గరికి వెళ్ళమంటే నేరుగా స్క్రీన్ అవతలికి వెళ్ళిపోయేది. ఎవరైనా ఇంతకు ముందు చేశారేమోనని వెతికితే బయటపడింది, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృత్తివాసన్ అనేవాళ్ళు 1974లోనే ముగ్గులకి వ్యాకరణం రాశారు. నిజంగా వ్యాకరణమే, భాషకి ఉన్నట్టు. ఏ ముక్క పక్కన ఏ ముక్క రావచ్చు, ఎక్కడ మెలిక తిరగాలి, అదంతా సూత్రాలుగా. వీధి గుమ్మాల ముందు ఆడవాళ్ళు రోజూ వేసి, ఎండెక్కేసరికి తొక్కిడైపోయే గీతల్ని ఒక కంప్యూటర్ సైన్సు పత్రికలో కూర్చోబెట్టారు.

సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ తీసి అమ్మకి చూపించాను. నా కోడు ఏడు చుక్కల మెలికల ముగ్గు వేయడానికి అరనిమిషం తీసుకుంది. అమ్మ నిలబడే చూసింది. "మూడో వరసలో మెలిక తప్పింది," అంది. తప్పలేదమ్మా, సూత్రం ప్రకారమే వెళ్తుంది అన్నాను. అమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళి పిండి గిన్నె తెచ్చుకుని అదే ముగ్గు వేసింది, చెయ్యి ఎత్తకుండా. రెండూ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టాను. నాది రెండు గీతలు, ఒకదాని మీద ఒకటి పడి ఒకటే అనిపిస్తోంది. అమ్మది మొదలెట్టిన చోటే వచ్చి ముగిసిన ఒకే గీత. ఎక్కడో ఒక గుర్తు మార్చి రాశాను కోడులో. అది దిద్దడానికి ఇంకో రాత్రి పట్టింది.

ఫైల్లో లైన్లు 2006 దగ్గర ఆగిపోయాయి. కారణం ఉంది. యూనికోడ్ వచ్చేసింది నాకు, ఏ భాష అక్షరానికైనా దాని సొంత గడి ఇచ్చే పద్ధతి. లోకానికి ఎప్పుడో వచ్చింది, 1991 నుంచీ అందులో తెలుగుకి 128 గడుల స్థలం ఉంది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా ఇచ్చారు. మా డీటీపీ వాళ్ళకి ఆ సంగతి తెలిసేదెప్పుడు, మా బటర్ పేపర్లు మాకుండేవి. లేఖిని అనే వెబ్ పేజీ దొరికినరోజు బాగా గుర్తు. ఇంగ్లీషులో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ! అను ఫాంటు లేదు, ఏ సెట్టింగూ లేదు. దాని వెనక ఉన్న పద్ధతిని ఆర్‌టీఎస్ అంటారు, రైస్ ట్రాన్స్‌లిటరేషన్. తెలుగువాడు చేశాడు కదా, అన్నం మీద ప్రేమతో పెట్టాడేమో అనుకుని మా టీమ్‌లో అందరికీ చెప్పాను కూడా. హ్యూస్టన్‌లో రైస్ అని యూనివర్సిటీ ఉందనీ, అక్కడ చదువుకున్న మనవాళ్ళు చేశారనీ తర్వాత తెలిసింది. ఏడాది పాటు ఎగతాళి చేశారు నన్ను. అప్పట్నుంచీ దొరికినవి దాచుకోవడానికి వేరే చోట్లు వచ్చాయి, గూగుల్ రీడర్ అనీ, ఇంకోటనీ. 2013లో రీడర్ మూసేశారు. ఫైలు అన్నాళ్ళూ అటక మీద భద్రంగా ఉంది, నాకే గుర్తులేదు.

ఆ రోజుల్లోనే చందమామ పాత సంచికల స్కాన్లు దొరికాయి. బాబాయి కంటి పరీక్షకి హైదరాబాద్ వచ్చినప్పుడు వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు వరసగా తెరిచి కూర్చోబెట్టాను. బాబాయికి ఆయన దేవుడు. మూలన ఉన్న వ.పా. సంతకం చూడగానే చేతులు జోడించాడు, స్క్రీన్‌కి. తర్వాత మెల్లగా, "ఇది ఆయన పసుపు కాదే," అన్నాడు. నేను ఫోటోషాప్‌లో వేసి అటూ ఇటూ జరిపాను, ఎరుపు తగ్గించు, కొంచెం నిమ్మకాయలోకి తీసుకెళ్ళు, ఆఁ, లేదు, వెనక్కి రా, అని పక్కనుంచి ఆయన. నాలుగు రెట్లు పెద్దది చేస్తే పసుపు ఎక్కడా లేదు, పసుపు చుక్కలు, వాటి మధ్య గులాబీ చుక్కలు, అక్కడక్కడా నల్లవి, ముగ్గులో చుక్కల్లాగే. బాబాయి కళ్ళద్దాలు తీసి స్క్రీన్‌కి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళి, "ఓరి దీని దుంపతెగ, ఇన్నాళ్ళూ నేను రంగు అనుకున్నది ఇదా," అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ కూడా అదే మాట.

2010లో యూట్యూబ్‌లో దొరికింది ఒకటి చెప్పకుండా ఉండలేను. అర్ధరాత్రి, ఎవరిదో సిమెంటు కంపెనీ వార్షిక నివేదిక లేఅవుటు, కళ్ళు మూతలు పడుతున్నాయి. పక్క పాట, దాని పక్క పాట, అలా జారుతూ ఒక చోట ఆగాను. క్లబ్బు పాట లాంటి దరువు, దాని మీద ఏదో మిషను సాగుతూ మెలికలు తిరుగుతోంది. ఒక్క నిమిషం విన్నాక ఒళ్ళు జలదరించింది. ఆ మెలికల్లో సరళీ స్వరాలు వినబడుతున్నాయి! మా చెల్లి చిన్నప్పుడు రోజూ పొద్దున్నే శ్రుతిపెట్టె పెట్టుకుని సరిగమపదనిస అని నన్ను నిద్ర లేపేది కదా, అదే మెట్లు. పేరు చూస్తే భైరవ్ రాగం. అంటే మన మాయామాళవగౌళ స్వరాలే, కర్ణాటక సంగీతంలో ఓనమాలు దిద్దించేది దాంతోనే. వాయించింది చరణ్‌జిత్ సింగ్, బొంబాయి సినిమా పాటలకి వాయించే మనిషి. రికార్డయింది 1982లో.

1982 అన్న దగ్గరే నాకు నిద్రమత్తు వదిలింది. ఆయన వాడినది జపాన్ కంపెనీ రోలాండ్ చేసిన టీబీ-303. గిటారు వాయించుకునేవాళ్ళకి పక్కన బేస్ అందించడానికి చేసిన చిన్న పెట్టె, ఎవరూ కొనక రెండు మూడేళ్ళలో ఆపేశారు. తర్వాత చికాగో కుర్రాళ్ళు సెకండ్ హ్యాండులో చవగ్గా కొనుక్కుని దాని మీటలు ఇష్టమొచ్చినట్టు తిప్పితే 1987లో యాసిడ్ హౌస్ అని ఒక సంగీతమే పుట్టింది. అదే పెట్టెతో అంతకు ఐదేళ్ళ ముందే బొంబాయిలో ఒకాయన రాగాలు వాయించేసి, అది అమ్ముడుపోక, తన పని తాను చేసుకుంటూ ఉండిపోయాడు. హాలండ్ నుంచి వచ్చిన రికార్డుల పిచ్చోడొకడు ఆ ప్లేటు సంపాదించి, మళ్ళీ అచ్చు వేయించి, 2010లో లోకానికి వినిపించాడు. మా చెల్లికి ఫోన్లో వినిపిస్తే, "అక్కా, ఇదేంటి మా మేడం చూస్తే చంపేస్తుంది," అంది. రెండు రోజుల తర్వాత తనే లింకు అడిగింది.

2018 ఫిబ్రవరిలో అయితే దొరకడం కాదు, అదే వచ్చి మీద పడింది. పొద్దున్నే ఫ్రెండు ఫోను, ఏదో తెలుగు అక్షరం పంపితే ఐఫోన్లు ఆగిపోతున్నాయట, ఏ అక్షరం, నీకు తెలుస్తుంది కదా అని. తెలుగు ఫాంట్లు తెలిసినవాళ్ళకి అంత గిరాకీ నా జీవితంలో ఎప్పుడూ లేదు. చూస్తే అది జ్ఞా. మామూలుగా రాసే జ్ఞా కాదు. దాని మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి దూరింది, అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు. ఆ గుర్తు దాటి దీర్ఘం ఎక్కడ పెట్టాలి అని లెక్క తెగక ఫోను చచ్చిపోతోంది. నాలుగైదు రోజుల్లో యాపిల్ కంపెనీ దాన్ని సరిచేస్తూ కొత్త వెర్షన్ ఇచ్చింది. బాబాయికి ఫోన్లో చెప్తే పడీపడీ నవ్వాడు. "జ్ఞా రాయడం మాక్కూడా కష్టమేనే, ఞ వత్తు దగ్గర బ్రష్షు ఎటు తిప్పాలో తెలియక ఎంతమంది కుర్రాళ్ళు పారిపోలేదు," అన్నాడు. అంత ఖరీదైన ఫోను కూడా తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చి పారిపోయిన కుర్రాళ్ళ లెక్కలో చేరిపోయింది.

ఇక ఆ ఒక్క లైను. 41వది. కన్వర్టర్‌లో శ వచ్చింది, తర్వాత ఒక అరసున్న, ఆ తర్వాత ఏదో వత్తు దేనికీ అంటకుండా గాల్లో వేలాడుతూ. నేను కొట్టింది కాదని చూడగానే తెలిసింది, నేను తప్పు కొట్టినా అంత తప్పు కొట్టను. ఇంకో కన్వర్టర్‌లో వేస్తే ఇంకో రకం చెత్త. చివరికి అదే సీడీలో ఉన్న పాత అను ఫాంటు తీసి ఆఫీసు సిస్టమ్‌లో ఎక్కించాను, ఐటీ వాళ్ళు చూడకుండా. ఫైలు తెరిచాను. టోపీలు, గొలుసులు, డిగ్రీ గుర్తులు అన్నీ ఒక్క క్షణంలో తెలుగైపోయాయి. 41వ లైన్లో, మిగతావాటికన్నా మూడింతలు పెద్దగా, శ్రీ.

అప్పుడు గుర్తొచ్చింది. పుష్కరాలయ్యాక ఒక సాయంత్రం బాబాయి సెంటర్‌కి వచ్చాడు, చేతుల నిండా టర్పెంటైన్ వాసన. కరెంటు అప్పుడే వచ్చింది, మళ్ళీ ఎప్పుడు పోతుందో తెలీదు. ఇలా కూర్చో, నువ్వూ ఒక అక్షరం కొట్టు అన్నాను. శ మీట నేనే చూపించాను. మిగతావి తనే వెతుకుతానన్నాడు. ఒక్కో మీటా నొక్కడం, వచ్చిన బొమ్మ చూడటం, నచ్చకపోతే చెరపడం. అరగంట పట్టింది. ఇప్పుడు అక్షరం మీద కర్సర్ పెట్టి విడదీసి చూస్తే తెలిసింది, దీర్ఘానికి నొక్కింది దీర్ఘం మీట కాదు, కింద ఉన్నది క్రావడి, అంటే ర వత్తు, కూడా కాదు, ఇంకేదో అక్షరానికి పెట్టుకున్న వత్తు. ఆయన మీటల పేర్లు చూడలేదు. వంపు చూసుకున్నాడు, ఏ ముక్క వంపు సరిపోతే ఆ ముక్క తెచ్చి పెట్టాడు. ఏ కన్వర్టర్‌కి అంతుపడుతుంది అది? చూడటానికి మాత్రం అచ్చం శ్రీ.

వీడియో కాల్ చేసి స్క్రీన్ చూపించాను. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు ఆయనకి నాకంటే బాగా కనబడుతుంది. చాలాసేపు చూశాడు, ఆ శుభలేఖ ప్రింటుని చూసినట్టే.

"దీర్ఘం తోక కురచైందే," అన్నాడు.

ఏ మీట నొక్కావో గుర్తుందా బాబాయ్ అంటే, "ఏమోనే అమ్మడూ, కరెంటు పోతుందేమోనన్న కంగారులో ఏది నొక్కానో," అన్నాడు.